కటింగ్ బల్ల మీద ఇల్లు

"నేను ముట్టుకోలేదు. ముట్టుకోలేదు. ముట్టుకోలేదు. ఇంకెన్నిసార్లు చెప్పాలే నీకు?"

మూడోసారి అనేసరికి నాన్న గొంతు బొంగురుపోయింది. పాపం, ఆయన అరుస్తున్నది కూడా వంటింటి గుమ్మంలో నిలబడే. ముందుగదిలోకి వచ్చి అరిచే హక్కు ఆయనకు లేదు. ఒంటిమీద తెల్ల చొక్కా ఉంది మరి.

తెల్ల చొక్కాతో ఆ గదిలో అడుగుపెడితే ఆ తెలుపు వెళ్ళి, కూతురు సినిమా తీస్తున్న బొమ్మ మొహం మీద పడుతుందట. ఒక ఫోటోలో మొహం వెలిగి పక్క ఫోటోలో ఆరిపోతుందట. అందుకని ఇరవై మూడు రోజులుగా ఆ ఇంట్లో ముందుగది దాటాలంటే నల్ల టీషర్టు తొడుక్కోవాలి. లిఫ్టులు బాగుచేసే మనిషి, రోజుకి పది మేడలు ఎక్కి దిగే మనిషి, సొంత ఇంట్లో ముందుగదికి టీ తెచ్చుకోడానికి చొక్కా మార్చుకుంటున్నాడు. ఫ్యాను స్విచ్చి మీద అడ్డంగా టేపు అంటించేశారు. గాలికి బొమ్మ చేతిలో గుడ్డ కదులుతుందట. కిటికీలకు నల్లగుడ్డలు. వీధి తలుపు మూసేసి రాకపోకలన్నీ వెనకవైపు నుంచే.

"నువ్వు కాకపోతే ఎవరు నాన్నా? దెయ్యమా?" అంది కందిరీగ.

ఆ పేరు పెట్టింది ఆయనే. ఐదేళ్ల పిల్లకి పెట్టాడు. ఇరవై ఒకటో ఏట కూడా ఆ పేరు తప్పని ఎవరూ అనలేదు. కాలేజీలోనూ అదే స్థిరపడిపోయింది.

"దెయ్యమైనా నల్ల టీషర్టు వేసుకునే వచ్చుంటుందిలే. నీ భయానికి" అన్నాడు నాన్న.

మామూలు రోజైతే నవ్వొచ్చేది. ఇవాళ శనివారం. సోమవారం పది గంటలకి ఆ సినిమాని లెక్చరర్ చేతిలో పెట్టాలి, లేకపోతే ఈ ఏడాది పోయినట్టే. తియ్యాల్సిన ఫోటోలు ఇంకా నూట నలభై ఉన్నాయి. బొమ్మని కదిపే క్లాస్‌మేటు నత్త నిన్న సాయంత్రం సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఫోను ఆపేశాడు. వెళ్ళగొట్టింది ఈవిడే.

నిన్నన్న ఆ మాట కందిరీగని వదలడం లేదు. ఒకే ఒక్క షాటు అది. చిన్న గదిలో కూర్చుని ఒక దర్జీ బొమ్మ గుడ్డ కుడుతూ ఉంటుంది. వెంట్రుకవాసి కదపడం, పక్కకి జరగడం, ఫోటో తియ్యడం. మళ్ళీ కదపడం, జరగడం, ఫోటో. పన్నెండు ఫోటోలకి ఒక్క సెకను. అలా తీసిన పది రోజుల పనినీ నిన్న వరసగా వేసి చూస్తే ఏముంది? ప్రతిరోజూ పొద్దున తీసిన మొదటి ఫోటో దగ్గర బొమ్మ చేతిలో గుడ్డ ఠక్కున ఎగిరిపడుతోంది. ఒకచోట కాదు, తొమ్మిది చోట్ల. బొమ్మని ముట్టుకునేది నత్త ఒక్కడే. ఇంకేం, నోరు జారింది.

"నీ చేతులే నీ మాట విననప్పుడు నా సినిమాలో ఎందుకు పెడతావురా వాటిని?"

నత్త లేచాడు. తన చిన్న పట్టకారు తుడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. బొమ్మ వేళ్ళలోపలి తీగ తెగకుండా ఎలా వంచాలో వాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆ సంగతి వాడు వెనక గేటు దాటాక గానీ ఈవిడకి గుర్తు రాలేదు.

పొద్దున్నించీ అందుకే ఈ రభస. వాడు కాదేమోనన్న అనుమానం మొదలయ్యాక, మరి ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. తను కాదు. నాన్న ఒట్టు పెడుతున్నాడు. అమ్మ వంటింట్లో నేలమీద కూర్చుని నర్సుల యూనిఫారాలు కత్తిరిస్తోంది. నోటి నిండా గుండుసూదులు. ఎప్పటిలాగే.

ఆవిడ కత్తిరించాల్సింది నేలమీద కాదు. ముందుగదిలో ఉన్న బల్ల మీద. బొమ్మ గది పెట్టుకోడానికి ఆ కటింగ్ బల్లని కూతురికి పదిరోజులకి అరువిచ్చింది. పది కాస్తా ఇరవై మూడు అయ్యాయి. ముప్పై యూనిఫారాలు ఆవిడక్కూడా సోమవారానికే ఇవ్వాలి. మోకాలు పట్టేసి లేచినప్పుడల్లా గోడ పట్టుకుంటోంది. ఒక్కమాట అనలేదు ఇప్పటిదాకా. అనకపోవడమే కందిరీగకి ఎక్కువ చిరాగ్గా ఉంది. తిట్టినా బాగుండును, తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

వెనక తలుపు చప్పుడైంది. పొడుగు వచ్చింది. కెమెరా చూసుకునే పిల్ల. తలుపు దాటేటప్పుడల్లా తల వంచడం ఆ పిల్లకి అలవాటైపోయింది. చంకలో లాప్‌టాప్, కళ్ళకింద నలుపు.

"కూర్చో. అరవకుండా చూడు" అంది.

"నేనెప్పుడు అరిచానే?"

పొడుగు, నాన్న, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పొడుగు రెండేసి ఫోటోలు పక్కపక్కన పెట్టి తెచ్చింది. ఎడమవైపు సాయంత్రం చివరి ఫోటో, కుడివైపు మర్నాడు మొదటి ఫోటో. అలాంటి జతలు తొమ్మిది.

"తేడా ఏంటో చెప్పు."

"గుడ్డ జరిగింది. అదేగా గొడవ!"

"జరిగింది సరే. ఎటు జరిగింది? చూడు, ప్రతిసారీ ఇటు చివర పైకి వచ్చింది. బొటనవేలు గుడ్డ కిందికి పోయింది. ప్రతిసారీ ఒకేలాగ. చెయ్యి వణికితే తొమ్మిదిసార్లూ ఒకేలాగ వణుకుతుందా? ఇది పొరపాటు కాదే. ఎవరో సర్దారు."

"సర్దడమేంటి?"

"ఇంకోటి చూడు." పొడుగు ఆరో జతని పెద్దది చేసింది. బొమ్మ గది నేలమీద, కుర్చీ కాలు పక్కన, ఆవగింజలో సగం ఉంటుందేమో, నీలంరంగు మరక. సాయంత్రం ఫోటోలో అది లేదు.

నాన్న కూడా వంగి చూశాడు. గుమ్మం ఇవతలనుంచే, మెడ సాచి. ముగ్గురూ ఆ మరకని గుర్తుపట్టారు. ఆ ఇంట్లో దుప్పట్లకి, తువ్వాళ్ళకి, ఒక్కోసారి అన్నం కంచానికి కూడా అంటుకుని కనిపించే రంగు అది. దర్జీ సుద్ద.

కందిరీగ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

అమ్మ కత్తెర ఆగలేదు. యూనిఫారం చేతి గుడ్డ చివరిదాకా కత్తిరించి, మడిచి, పక్కన పెట్టింది. నోట్లోంచి ఒక్కొక్క సూదీ తీసి గుడ్డ పిడిచకి గుచ్చింది. ఏడు సూదులు. అన్నీ అయ్యేదాకా కందిరీగ నిలబడే ఉంది.

"అవును. సర్దాను" అంది అమ్మ.

"సర్దావా!"

"గుడ్డని అలా పట్టుకుంటారా ఎవరైనా? క్రాసుగా పట్టుకుంటే సాగిపోదూ? బొటనవేలు పైనపెట్టి కుడితే మొదటి కుట్టుకే సూది వేలిలో దిగుతుంది. చూడలేకపోయాను."

"అమ్మా, అది బొమ్మ! గుడ్డ సాగదు. సూది దిగదు. అది బొమ్మ!"

"బొమ్మయితే? దర్జీ బొమ్మేగా."

నాన్న అక్కడికి వచ్చేశాడు. ఆయన మొహంలో ఇరవై మూడు రోజుల్లో ఎప్పుడూ లేని కళ వచ్చింది. "చూశావా? చూశావా? నన్నేమో దొంగని చూసినట్టు చూశారు! నా చొక్కా విప్పించారు!"

"చాలింక!" అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ. ఆ ఒక్క మాటా కలిసి అన్నారు.

"అసలు ఎప్పుడు చేశావు ఈ పని?"

"తెల్లారే. సుద్ద, కత్తెర ఆ బల్ల సొరుగులోనే కదా ఉండేది. తీసుకోడానికి వెళ్తాను. లైట్లు ముట్టుకోవద్దన్నారని ఫోను వెలుతురులో చూసుకుంటాను. ఎదురుగా ఆ చేతులు కనిపిస్తాయి. ఒక్క గోరంత సర్ది వచ్చేస్తాను. దానికే ఇంత రాద్ధాంతం అవుతుందని నాకేం తెలుసు?"

"బల్ల ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"బల్ల ముట్టుకోలేదు. బొమ్మని ముట్టుకున్నాను."

తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో కందిరీగకి ఆ క్షణాన తెలిసొచ్చింది. కోపం ఎటు పెట్టాలో తెలియలేదు. అమ్మని తిడదామంటే ఆవిడ మోకాలు నిమురుకుంటోంది. నవ్వుదామంటే సోమవారం కళ్ళముందు నిలబడింది.

"నీవల్ల వాణ్ణి వెళ్ళగొట్టానమ్మా. ఏ తప్పూ చెయ్యని వాణ్ణి."

అమ్మ తలెత్తి చూసింది. "గుడ్డ సర్దింది నేను. ఒప్పుకున్నాను. వాణ్ణి వెళ్ళగొట్టమని నేను చెప్పానా? వంటింట్లో ఉన్నా నాకు వినపడింది నువ్వన్న మాట. పిల్లాడు మూడువారాలు నడుం వంచి చేసిన పనిని ఒక్క మాటతో పారేశావు. ఆ మాట నాది కాదు."

వంటింట్లో నల్లా కారుతోంది, చుక్కా చుక్కా. రెండు నెలలుగా కారుతోంది. లిఫ్టులు బాగుచేసే మనిషికి ఇంట్లో నల్లా బాగుచెయ్యడానికి తీరలేదు. ఆయన దానివైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

కందిరీగ వెనక మెట్లమీద కూర్చుని ఫోను తీసింది. నత్తది ఇంకా ఆగిపోయే ఉంది. టైపు చేసింది, చెరిపింది. మళ్ళీ చేసింది, చెరిపింది. చివరికి ఫోను మూతి దగ్గర పెట్టుకుని ఒకే గుక్కలో చెప్పేసింది. "ఒరేయ్, నీ తప్పు కాదు. మా అమ్మ. బొమ్మ గుడ్డని తప్పుగా పట్టుకుందని సర్దిందట. తొమ్మిదిసార్లు సర్దింది. నువ్వు నవ్వినా సరే, తిట్టినా సరే. నేనన్నది తప్పు, పెద్ద తప్పు. నీ చేతుల్లాంటి చేతులు మన బ్యాచ్‌లో లేవు. రారా. దయచేసి రా."

ఇరవై నిమిషాలకి జవాబు వచ్చింది. ఒక్క వరుస.

"నా చేతుల్ని అడిగాను. అవి నా మాట వినడం లేదు."

దాని కింద ఇంకేమీ లేదు. మళ్ళీ ఫోను ఆపేశాడు.

పొడుగు చదివి ఫోను వెనక్కి ఇచ్చేసింది. "అడిగి మరీ అనిపించుకున్నావు" అంది, అంతకంటే కఠినంగా అనడం చేతకాక. "తొమ్మిది చోట్లా గుడ్డ ఎగిరితే ఎగరనీ. ఉన్నది ఉన్నట్టే ఇద్దాం. కానీ మిగతాది తియ్యకపోతే అసలు సినిమాయే లేదు. నువ్వు కదుపుతావా?"

కదిపింది. నల్ల టీషర్టు తొడుక్కుని, చేతులు కడుక్కుని, లైట్ల కింద కూర్చుని బొమ్మ చూపుడువేలు పట్టుకుంది. గుడ్డ మడత పెట్టాలి ఆ వేళ్ళు. మొదటి మడతకే చిన్నగా టిక్కుమంది. వేలిలో తీగ తెగింది. వేలు వేలాడిపోయింది.

కందిరీగ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అరవలేదు. నాన్న కంగారుపడ్డాడు. ఈ పిల్ల అరవకపోతే ఆయనకి భయం.

"జరుగు."

అమ్మ గదిలోకి వచ్చింది. ఒంటిమీద నల్ల టీషర్టు, మోకాళ్ళ దాకా వేలాడుతూ.

"అది నాది!" అన్నాడు నాన్న.

"తెలుసు. మీకిప్పుడు దానితో పనిలేదు. వంటింట్లో పన్నెండు యూనిఫారాలకి గుండీలు కుట్టాలి. సూదిలో దారం ఎక్కించే పెట్టాను. వెళ్ళండి."

"గుండీలా? నేనా?"

"అంత పెద్ద లిఫ్టు తలుపులు బిగిస్తారు. నాలుగు కన్నాల గుండీ బిగించలేరా?"

ఆయన ఒక గుండీ చేతిలోకి తీసుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అమ్మ తెగిన వేలిని వెలుతురులో పెట్టి చూసింది. దారపు రీలులోంచి సన్నతీగలాంటి గట్టి దారం ఒకటి తీసి, వేలిలోపలికి పోనిచ్చి, రెండు ముడులు వేసింది. ముడి ఎక్కడ వేసిందో మళ్ళీ వెతికినా కనపడలేదు. వేలు నిలబడింది. పొడుగు నోరు తెరిచి చూసి కెమెరా దగ్గరికి పరిగెత్తింది.

ఇన్నాళ్ళూ అమ్మ ఆ బొమ్మని చీకట్లో, ఫోను వెలుతురులో, చేతులవరకే చూసింది. లైట్లన్నీ వేసి ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు. వేలు వదిలి చూపు మొహం మీదికి ఎత్తింది.

కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టి ఉంది. మెడలో టేపు. ఎడమ భుజం కుడిభుజం కన్నా కాస్త కిందికి వాలి ఉంది. పెదాల మధ్య ఏడు సూదులు.

అమ్మ చాలాసేపు చూసింది. గుమ్మంలోంచి నాన్న కూడా చూశాడు. "అచ్చం..." అని మొదలుపెట్టి మింగేశాడు. పొడుగు కెమెరాలో తల దూర్చేసింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

"ఈవిడ కథేంటి?" అంది అమ్మ.

కందిరీగ గొంతు సర్దుకుంది. లెక్చరర్‌కి ఈ కథ చెప్పినప్పుడు గడగడా చెప్పింది. ఇప్పుడు మాటలు ఒక్కొక్కటీ లాగాల్సి వచ్చింది. "ఆవిడ అందరికీ కుడుతుందమ్మా. అందరూ గుమ్మం దాకా వచ్చి కొలతలిచ్చి వెళ్ళిపోతారు. లోపలికి ఎవరూ రారు. కుడుతూ ఉంటుంది, కుడుతూ ఉంటుంది. చివర్లో గుడ్డ మడిచి, కత్తెర కిందపెట్టి, లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది."

"ఎక్కడికి?"

"అది చూపించం."

"ఇంట్లో వాళ్ళు?"

"ఇంట్లో... ఆవిడకెవరూ లేరు కథలో."

అన్నాక గానీ ఆ మాట ఎలా వినపడిందో తెలియలేదు. సిగ్గనిపించింది కందిరీగకి. మూడు నెలలు ఈ కథ మోసింది, పొడుగు, నత్త, తనూ కూర్చుని బొమ్మ భుజం ఎంత వాలాలో కొలతలు వేసుకున్నారు, అమ్మ నిద్రపోతుంటే ఫోటోలు తీసి మరీ ఆ మొహం చెక్కించింది. ఒక్కసారి కూడా అమ్మని అడగాలనిపించలేదు. నాన్నని కథలోంచి తీసేసింది. తనని తీసేసుకుంది. అలా అయితే కథ బాగుంటుందనిపించింది, అంతే.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పు" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. యూనిఫారం కొలత అడిగినట్టే అడిగింది. "నేను వెళ్ళిపోతానని నీకు భయమా? వెళ్ళిపోతే బాగుండునని ఉందా?"

"అమ్మా..."

"నాకోసమే అడుగుతున్నానులే. నాకూ తెలియట్లేదు."

నాన్న చేతిలో గుండీ కిందపడి దొర్లుకుంటూ వచ్చి బల్లకాలి దగ్గర ఆగింది. తీసుకోడానికి ఆయన రాలేదు. చొక్కా తెల్లది.

ఎవరేమన్నా మరుక్షణం కుట్టే కందిరీగ వంగి ఆ గుండీ తీసింది. అమ్మ బొమ్మవైపు తిరిగింది.

"ఎన్ని ఫోటోలు ఉన్నాయన్నారు?"

"నూట నలభై ఆంటీ" అంది పొడుగు, గొంతు తగ్గించి. "ముందు గుడ్డ మడవాలి. తర్వాత కత్తెర కింద పెట్టాలి. తర్వాత..."

అమ్మ చెయ్యి గుడ్డ దగ్గరికి పోలేదు. బొమ్మ పెదాల దగ్గరికి పోయింది. చివరి సూదిని గోటితో పట్టుకుని రవ్వంత బయటికి లాగింది. చెయ్యి తీసేసి పక్కకి ఒరిగింది.

"తియ్యమ్మా."

"ఆంటీ, సూదులు తియ్యడం కథలో లేదు."

"నోట్లో సూదులు పెట్టుకుని వీధిలోకి వెళ్తుందా ఏ మనిషైనా? తియ్యి."

పొడుగు కందిరీగ వైపు చూసింది. కందిరీగ తలూపింది. క్లిక్కుమంది. ఇంకో రవ్వంత. క్లిక్కు. ఆ వేళ్ళు ఎక్కడా తడబడలేదు. వెంట్రుకవాసి అంటే ఎంతో ఆ వేళ్ళకి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఒక సూది. రెండో సూది. వంటింట్లో నాన్న గుండీలు కుడుతూ వేలిలో గుచ్చుకుని అబ్బా అంటున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. గది వేడెక్కింది. ముగ్గురికీ చెమటలు. ఫ్యాను వేద్దామని ఎవరూ అనలేదు.

యాభై మూడో ఫోటోకి ఏడో సూది బయటికి వచ్చింది. బొమ్మ నోరు ఖాళీ అయింది. మూడు వారాల్లో ఎవరూ ఆ నోటిని అలా చూడలేదు. కొంచెం తెరుచుకుని ఉంది.

"ఆంటీ, ఇంక ఎనభై ఏడే ఉన్నాయి" అంది పొడుగు. "ఇప్పుడైనా లేపకపోతే తలుపు దాకా చేరదు."

"ఉండు. వెళ్ళేముందు ఒకమాట చెప్పాలి కదా ఈవిడ."

"ఎవరికి చెప్తుందమ్మా?" అంది కందిరీగ. "గదిలో ఎవరూ లేరుగా."

"లేరని నువ్వనుకుంటున్నావు."

అమ్మ బొమ్మ తలని రెండువేళ్ళతో పట్టుకుంది. బొమ్మ గది తలుపు ఎడమవైపు ఉంది. ఆవిడ కుడివైపు తిప్పింది, వెంట్రుకవాసి. చెయ్యి తీసింది. మళ్ళీ వెంట్రుకవాసి. క్లిక్కు, క్లిక్కు. ఆ తల కెమెరాని దాటి, పొడుగుని దాటి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ కందిరీగ వైపు తిరిగేసరికి మరో పన్నెండు ఫోటోలు అయిపోయాయి.

"ఇప్పుడు పెదాలు కదపాలి" అంది అమ్మ. "ఏమనాలో నాకు తెలుసు. కానీ అది విన్నాక నువ్వు అరవకూడదు."

వెనక గేటు చప్పుడైంది. ఎవరో చెప్పులు విడుస్తున్నారు, నింపాదిగా, ఒకటి తర్వాత ఒకటి. చెప్పులు విడవడానికి అంతసేపు పట్టేది వాళ్ళకి తెలిసినవాళ్ళలో ఒక్కడికే.

పొడుగు తలుపువైపు చూసింది. కందిరీగ చూడలేదు. అమ్మ పెదాల మీదే ఉంది ఆమె చూపు.

"చెప్పమ్మా" అంది.